‘కార్మికుడి నిర్లక్ష్యం’ తర్వాత ఏం రాయాలి? ఆదోని జిన్నింగ్ మిల్లులు, ఎమ్మిగనూరు మగ్గాల వెలుగులో పని భద్రత

జిన్నింగ్ మిల్లులో రోలరు మధ్య చెయ్యి నలిగినా, నూనె మిల్లు బెల్టుకు చీర కొంగు చుట్టుకున్నా, మర్నాడు పేపర్లో వచ్చే వార్త చివరి వాక్యం చాలాసార్లు ఒకటే ఉంటుంది: కార్మికుల నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమని ప్రాథమికంగా తేలింది. ఆ వాక్యం పడగానే యాజమాన్యం ఊపిరి పీల్చుకుంటుంది, దర్యాప్తు ఆగిపోతుంది, దెబ్బ తిన్నవాడి ఇంటి మీద నింద కూడా పడుతుంది. పని ప్రదేశ భద్రత మీద ఎనభై, తొంభై ఏళ్లుగా సాగుతున్న పరిశోధనలో చాలా భాగం ఆ వాక్యాన్ని ప్రశ్నించడానికే ఖర్చయింది. మెయిన్స్ అభ్యర్థి కూడా ఆ ప్రశ్నతోనే జవాబు మొదలుపెట్టాలి.

అంశం పరిధి

సివిల్స్, గ్రూప్స్ మెయిన్స్‌లో ఈ అంశం విపత్తు నిర్వహణ, కార్మిక సంక్షేమం, పాలనలో నైతికత అనే మూడు చోట్ల తగులుతుంది. ‘మానవ కారకాలు’ అంటే మనిషి చేసే తప్పుల జాబితా అని చాలామంది పొరబడతారు. మనిషి శరీరానికీ మనసుకూ ఉన్న శక్తి, పరిమితులు ఏమిటి, అతని ముందున్న పనీ యంత్రమూ వాటికి తగ్గట్టు ఉన్నాయా, అతన్ని పనిలో పెట్టుకున్న సంస్థ వేళలను, కూలిని, శిక్షణను, పర్యవేక్షణను ఎలా ఏర్పాటు చేసింది అన్నవి కలిపి చదివే శాస్త్రం ఇది. వ్యక్తి, పని, సంస్థ అనే ఈ మూడింటిలో మూడోది మన జవాబుల్లో తరచూ కనబడదు. ప్రమాదాల మూలాలు ఎక్కువగా ఉండేది అక్కడే.

ఆదోని: చెయ్యి రోలరు దాకా ఎందుకు వెళ్తుంది?

చెన్నై–ముంబై రైలు మార్గం మీదున్న ఆదోని చాలాకాలంగా పత్తి ఊరు. కోసిగి, ఆలూరు, ఆస్పరి, పత్తికొండ వైపు నల్లరేగడి పొలాల పత్తి ఇక్కడి మార్కెట్ యార్డుకు చేరుతుంది. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఇదొకటి. దాని చుట్టూ జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులు, నూనె మిల్లులు లేచాయి. దసరా దాటాక మొదలయ్యే హడావుడి వేసవి ముందు దాకా సాగుతుంది.

జిన్నింగ్ అంటే పత్తి నుంచి గింజనూ దూదినీ వేరుచేయడం. మన దగ్గర విరివిగా ఉన్న డబుల్ రోలర్ జిన్నులో గరుకైన తోలు రోలర్లు దూదిని లాక్కుంటాయి, పక్కన కదిలే కత్తి గింజను కొట్టి కింద పడేస్తుంది. వచ్చిన దూదిని ప్రెస్సులో అదిమి సుమారు 170 కిలోల బేళ్లుగా కడతారు. ఈ దారి పొడవునా అపాయం ఉంది. తిరిగే రోలర్లు, షాఫ్టులు, బెల్టులు, ప్రెస్సు ఒత్తిడి, చెవులు దిబ్బెళ్లు పడే మోత, గాలిలో తేలే దూది పొడి, పత్తిలో కలిసిన ఇనుప ముక్క యంత్రానికి తగిలి పుట్టే నిప్పురవ్వ. పత్తి కుప్పకు అంటుకున్న నిప్పు పైకి ఆరినట్టు కనబడుతూనే లోపల రగులుతుంది.

ఇప్పుడు రోలరు దగ్గర పత్తి ఇరుక్కుందనుకుందాం. యంత్రాన్ని ఆపి తీయడమే నియమం. కాని ఆ జిన్నుకు వేరే స్విచ్ లేకపోతే వరుస మొత్తం ఆపాలి. అన్నీ ఆపితే మేస్త్రీ అరుస్తాడు. బయట పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. కూలి బేళ్ల లెక్కన కడితే ఆగిన ప్రతి నిమిషం జట్టు అందరి కూలీకి కోత. పైన ఉండాల్సిన కవచాన్ని శుభ్రం చేయడానికి అడ్డమొస్తుందని ఎప్పుడో తీసి గోడకు ఆనించారు. వెనకటి ఏడాది నుంచీ అందరూ చేత్తోనే లాగుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. పన్నెండో గంట పనిలో ఉన్న మనిషి చెయ్యి పెడతాడు.

ఈ ఒక్క దృశ్యాన్ని విడదీసి రాయగలిగితే సగం సిలబస్ వచ్చినట్టే. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1990లో రాసిన ‘హ్యూమన్ ఎర్రర్’ గ్రంథం తప్పులను రకాలుగా విడదీసింది. చెయ్యాలనుకున్నది ఒకటై చేతి నుంచి వేరొకటి జరిగితే అది జారుపాటు. ఒక మెట్టు గుర్తు లేకపోతే మరపు. ఆలోచనే తప్పయితే పొరపాటు. ఇవి మూడూ తెలియక జరిగేవి. నియమం తెలిసీ దాటితే ఉల్లంఘన. అందరూ రోజూ చేసేది అలవాటు ఉల్లంఘన, పరిస్థితి మరో దారి లేకుండా చేస్తే జరిగేది సందర్భ ఉల్లంఘన. ఆదోని దృశ్యంలోది చివరి రెండింటి కలయిక. దానికి మందు పోస్టరు అంటించడమో జరిమానా వెయ్యడమో కాదు. ప్రతి జిన్నుకూ చేతికందే దూరంలో ఆపే స్విచ్, తీయకుండానే శుభ్రం చేయగలిగే కవచం, ఆపిన నిమిషాలకు కూలి కోత లేని లెక్క కావాలి. మరమ్మతు చేస్తున్నప్పుడు ఇంకెవరూ మీట వెయ్యకుండా తాళం వేసి చీటీ కట్టే పద్ధతి కూడా ఈ కోవలోదే.

స్విచ్ సంగతికి పాత ఉదాహరణ ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 బాంబర్ పైలట్లు దిగిన తర్వాత రెక్కల ఫ్లాపులను మూయబోయి చక్రాలను ముడిచేసేవారు, విమానం పొట్ట మీద కూలబడేది. నివేదికల్లో ‘పైలట్ తప్పిదం’ అని రాసేవారు. 1943లో ఆల్ఫోన్స్ చపానిస్ కాక్‌పిట్ చూస్తే రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. చక్రాల మీటకు చక్రం ఆకారం పిడి, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారం పిడి పెట్టించాడు. మానవ కారకాల శాస్త్రం పుట్టుకకు దీన్ని ఉదాహరణగా చెబుతారు.

మన ప్రాంతానికి మరో కోణం ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు కర్ణాటక సరిహద్దు ఊళ్లు. తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం ఇళ్లలో మాట్లాడతారు. మహిళల అక్షరాస్యత కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో తక్కువ. ఇంగ్లిషులో అచ్చు వేసిన ‘డేంజర్’ బోర్డు చట్టం అడిగిన గడిని నింపుతుంది, పని చేసే మనిషికి ఏమీ చెప్పదు. రంగు, బొమ్మ, ఆకారం, అందరి భాషల్లో నోటిమాట శిక్షణ అన్నవి ఇక్కడ తప్పనిసరి భద్రతా సాధనాలు.

హెన్రిచ్ నుంచి రీజన్ దాకా

బీమా కంపెనీలో పనిచేసిన హెచ్.డబ్ల్యూ. హెన్రిచ్ 1931లో ఒక పెద్ద గాయానికి వెనుక 29 చిన్న గాయాలు, గాయం కాని 300 ఘటనలు ఉంటాయని ఒక త్రిభుజం చూపాడు. ప్రమాదాల్లో 88 శాతం కార్మికుల అపాయకరమైన చేష్టల వల్లనేనని కూడా అన్నాడు. మొదటి మాటలో ఉపయోగం ఉంది. తృటిలో తప్పిన ఘటనలను పట్టించుకోమని అది చెబుతుంది. రెండో అంకె మాత్రం చాలా నష్టం చేసింది. అది ఎక్కువగా యాజమాన్యాలు, సూపర్‌వైజర్లు రాసిన నివేదికల మీద నిలబడింది, తప్పు తమదని వాళ్లు రాస్తారా? పరీక్షలో హెన్రిచ్ అంకెలు రాసేవారు ఈ విమర్శను వదలకూడదు.

1984లో చార్లెస్ పెర్రో ‘నార్మల్ యాక్సిడెంట్స్’లో, చిక్కుముడిగా బిగుసుకున్న వ్యవస్థల్లో ప్రమాదం వ్యవస్థ స్వభావంలోనే ఉంటుందన్నాడు. ఆ ఏడాది డిసెంబరు 2–3 రాత్రే భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగింది. తర్వాత రీజన్ ‘స్విస్ చీజ్’ నమూనా వచ్చింది. సంస్థ రక్షణలన్నీ వరుసగా నిలబెట్టిన పొరలు, ప్రతి పొరలోనూ రంధ్రాలు ఉంటాయి, రంధ్రాలన్నీ ఒకే గీతలోకి వచ్చిన రోజు ప్రమాదం. చివరి పొర దగ్గర కార్మికుడు చేసింది ప్రత్యక్ష వైఫల్యం. ఎంతో ముందు కార్యాలయ గదుల్లో తీసుకున్న నిర్ణయాలు దాగి ఉన్న లోపాలు. చాలెంజర్ అంతరిక్ష నౌక నాశనాన్ని చదివిన డయాన్ వాన్ 1996లో ‘నియమం తప్పడం మామూలైపోవడం’ అనే భావన ఇచ్చింది. ఆదోని దృశ్యంలో గోడకు ఆనించిన కవచం సరిగ్గా అదే.

విశాఖ 2020: పొరలన్నిటా రంధ్రాలు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి పాకింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. లాక్‌డౌన్ వల్ల ట్యాంకులో స్టైరీన్ వారాల తరబడి కదలకుండా నిలవ ఉంది. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నత స్థాయి కమిటీ జులైలో నివేదిక ఇచ్చింది. ఎం-6 ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలో మాత్రమే కొలిచేవారు, పైభాగం వేడెక్కడం ఎవరికీ తెలియలేదు. చల్లబరిచే ఏర్పాటును సాయంత్రం వేళ ఆపేసేవారు. రసాయన చర్యను అదుపు చేసే పదార్థం తగినంత లేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల వీలున్నా మోగించలేదు. కమిటీ లెక్కగట్టిన 21 కారణాల్లో 20 యాజమాన్యం బాధ్యత కిందికే వచ్చాయి.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటర్ ముందున్న మీటరు అబద్ధం చెప్పలేదు, అడుగున ఉన్నదే చెప్పింది. కొలత పెట్టే చోటును నిర్ణయించింది అతను కాదు. స్విస్ చీజ్ నమూనాకు తెలుగునాట ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

విశాఖ ఘటన తర్వాతి నెల, 2020 జూన్ 27న, అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉన్న నంద్యాలలో ఎస్‌పీవై ఆగ్రో ఇండస్ట్రీస్‌లో అమ్మోనియా లీకై ఒక మేనేజరు మరణించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మాలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారం సిగాచిలో 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తేదీలు గుర్తుంచుకోండి, కాని జవాబులో ఒక ఘటనను లోతుగా విప్పితే నాలుగింటిని పేర్చినదానికన్నా ఎక్కువ మార్కులు వస్తాయి.

దూది పొడి, ‘సోమవారం జ్వరం’

ప్రమాదం ఒక్క క్షణంలో జరుగుతుంది, వృత్తి వ్యాధి ఏళ్లు తీసుకుంటుంది, అందుకే వార్త కాదు. దూది పొడి పీల్చేవారికి వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి బిస్సినోసిస్. వారాంతపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుంటుంది, మర్నాటికి సర్దుకున్నట్టుంటుంది, అందుకే దానికి సోమవారం జ్వరమని పేరు. ఏళ్లు గడిస్తే బిగుతు అన్ని రోజులకూ పాకుతుంది. లాంకషైర్ నూలు మిల్లుల్లో రిచర్డ్ షిల్లింగ్ 1950లలో దాన్ని మెట్లుగా వర్గీకరించాడు. అమెరికా 1978లో దూది ధూళికి ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. మన ఫ్యాక్టరీల చట్టం, 1948 మూడో షెడ్యూలులో ఇది ప్రకటించాల్సిన వ్యాధిగా ఉండేది, వైద్యుడు సెక్షన్ 89 కింద తెలియజేయాల్సి ఉండేది.

చట్టంలో ఉన్నా పట్టికల్లోకి ఎందుకు ఎక్కదు? ఆదోని మిల్లుల్లో పని నాలుగైదు నెలల సీజను. మిగతా కాలం ఆ మనిషే ఉపాధి హామీ పనికో, సుగ్గికి (సీజను వలసకు) గుంటూరు వైపు మిరప కోతకో పోతాడు. దగ్గు మొదలైన చోట ఒక డాక్టరు, ముదిరిన చోట మరో డాక్టరు. పొగాకు, టీబీ అని రాసుకుంటారు. సీజను కూలీల ఊపిరితిత్తుల సంగతి తేల్చాలంటే మిల్లు గేటు దగ్గర పరీక్షలు చాలవు, మనిషితో పాటు ఊరి నుంచి ఊరికి నడిచే ఆరోగ్య కార్డు కావాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

ఎమ్మిగనూరు: గోడలు లేని కర్మాగారం

ఎమ్మిగనూరు పేరు చెప్పగానే మగ్గం గుర్తొస్తుంది. 1938లో మాచాని సోమప్ప చొరవతో ఇక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. నూలు సరఫరా, అమ్మకం, మజూరీ అనే మూడూ షావుకారు గుప్పిట్లో ఉన్న రోజుల్లో సంఘం నేతగాడికి నిలబడే చోటిచ్చింది.

గుంత మగ్గం ముందు నేతగాడు గట్టు మీద కూర్చుంటాడు. కాళ్లు గుంతలో పావళ్లు తొక్కుతాయి, ఒక చెయ్యి తాడు లాగి నాడెను పరుగెత్తిస్తుంది, మరో చెయ్యి పన్నెతో పేకను కొడుతుంది. నడుము ముందుకు వంగి, చూపు పోగు మీద నిలిచి, రోజంతా అదే కదలిక. నడుము, మెడ, మోకాళ్ల నొప్పులు, కంటి శ్రమ ఈ పనితోనే పుట్టేవి. వానాకాలంలో గుంతలో చెమ్మ ఊరుతుంది. కండెలు చుట్టడం, పడుగు పోగులు సరిచేయడం ఇంటి ఆడవాళ్ల పని, దానికి వేరే కూలి ఉండదు, గాయమైతే లెక్కా ఉండదు. 2019–20 చేనేత గణన దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత కార్మికులను లెక్కించింది, వారిలో ఎక్కువమంది మహిళలు. ఇల్లే పనిచోటు కాబట్టి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఆ గడప తొక్కడు.

మగ్గం ఎత్తు, కూర్చునే గట్టు వాలు, పావళ్ల దూరం, తలపైన దీపం ఎక్కడుండాలి అన్నవి కొలిచి మార్చగలిగేవే. కాని మగ్గం మార్చి వేళ మార్చకపోతే లాభం తక్కువ. నూలు ఆలస్యంగా వచ్చి, పండుగ ఆర్డరు తేదీ మారకపోతే ఆ తేడా అంతా నేతగాడి రాత్రుల్లోంచి పోతుంది. ఇది సంస్థాగత కారకం. నేత మీదే చేసిన ఒక ప్రసిద్ధ అధ్యయనం దీనికి తోడు నిలుస్తుంది. 1953లో టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లుకు వెళ్లాడు. ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి పెరగలేదు, పాడైన బట్ట ఎక్కువ. ప్రతి మనిషికీ ఒక ముక్క పని అంటగట్టారు, ఎవరు ఎవరితో కలిసి ఏ మగ్గాలకు బాధ్యులో తెలియదు. ఒక గుంపు మగ్గాలను ఒక చిన్న జట్టుకు పూర్తిగా అప్పగించగానే ఉత్పత్తి పెరిగింది, నష్టం తగ్గింది. యంత్రమూ సమాజమూ కలిసే పనిచేస్తాయనే ‘సామాజిక–సాంకేతిక వ్యవస్థ’ సిద్ధాంతానికి ఇది మూలాధారాల్లో ఒకటి. భారతీయ నేత మిల్లులో పుట్టిన ఈ ఉదాహరణను వదిలి హాథార్న్ లాంటి విదేశీ ప్రయోగాలే రాయడం నాకు అర్థం కాని అలవాటు.

పొలమూ పనిచోటే

పత్తి కథ మిల్లుతో మొదలు కాదు. ఫ్రాన్సెస్కా మాన్సిని బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఆంధ్రప్రదేశ్ పత్తి గ్రామాల మహిళలు తమకూ తమ ఇంటి మగవారికీ పురుగుమందు కొట్టిన తర్వాత కనబడిన లక్షణాలను తామే నమోదు చేశారు. ట్యాంకులో మందు కలిపి నింపే ఆడవాళ్లకూ మందు కొట్టే మగవాళ్లకూ అపాయం దాదాపు ఒకేలా ఉన్నట్టు తేలింది. మాస్కు అంతా మందు కొట్టేవాడికేనన్న ఆలోచన అక్కడ కూలిపోయింది. పని చేసేవారే పరిశోధకులైతే కనబడని అపాయం కనబడుతుందనడానికి ఇదొక సాక్ష్యం.

చెప్పగలిగే వాతావరణం

ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రుల్లో మందుల తప్పులను లెక్కిస్తే, మంచి జట్లలోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసినందుకు కాదు, భయం లేకుండా చెప్పినందుకు. మేస్త్రీ ద్వారా వచ్చి, రేపు పని ఉంటుందో లేదో తెలియని కూలీ ‘నిన్న నా చెయ్యి కొద్దిలో తప్పింది’ అని ఎవరికి చెబుతాడు? ఒక మిల్లులో ఏడాదంతా ఒక్క చిన్న ఘటనా నమోదు కాలేదంటే సంతోషించే ముందు అక్కడ ఎవరికి నోరుందో చూడాలి.

చట్టం ఎంత దూరం చేరుతుంది?

ఫ్యాక్టరీల చట్టం, 1948లో సెక్షన్ 21 యంత్రాలకు కంచె, సెక్షన్ 22 తిరిగే యంత్రం దగ్గర పని, సెక్షన్ 27 పత్తి ఓపెనర్ ఉన్న ప్రెస్సింగ్ భాగంలో మహిళలు, పిల్లలు పనిచేయకూడదన్న నిషేధం గురించి చెప్పేవి. చివరిది ఆదోని లాంటి ఊళ్ల కోసమే రాసినట్టుండేది. భోపాల్ తర్వాత 1987 సవరణతో ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేరింది. అందులో 41-జి కార్మికులకు భద్రతా నిర్వహణలో భాగం ఇచ్చింది.

ఫ్యాక్టరీల చట్టం సహా 13 కేంద్ర చట్టాలను కలిపిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి, 2020 అమలును కేంద్రం 2025 నవంబరు 21న ప్రకటించింది. ఉచిత వార్షిక వైద్య పరీక్షలు, మహిళలకు అన్ని రకాల పనుల్లో, సమ్మతితో రాత్రి వేళల్లో కూడా అవకాశం అందులోని ముఖ్యాంశాలు. కాని ఫ్యాక్టరీ నిర్వచనం విద్యుత్ ఉంటే 10 మంది నుంచి 20కి, లేకపోతే 20 నుంచి 40కి పెరిగింది. భద్రతాధికారి తప్పనిసరి కావాలంటే మామూలు ఫ్యాక్టరీలో 500 మంది, ప్రమాదకర ప్రక్రియ ఉంటే 250 మంది ఉండాలి. పదిమంది లేదా అంతకు మించి ఉంటే ‘సంస్థ’గా స్మృతి వర్తిస్తుంది, నిజమే. కాని సీజనులో నడిచే చిన్న మిల్లుకు అంతమంది ఎక్కడుంటారు? ఐదారు చిన్న మిల్లులకు ఉమ్మడిగా ఒక భద్రతాధికారి, మార్కెట్ కమిటీ ఖర్చుతో సీజను ముందు యంత్రాల తనిఖీ లాంటి ఏర్పాట్లు ఈ ఖాళీని పూడుస్తాయి. రోజువారీ పనివేళలను 9 నుంచి 10 గంటలకు పెంచాలని రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో తీసుకున్న నిర్ణయాన్ని అలసట పరిశోధనతో కలిపి చూడండి. వారానికి 48 గంటల పరిమితి మారకపోయినా, రోజు చివరి గంటలో తప్పు జరిగే అవకాశం ఎక్కువ.

రాజ్యాంగంలో అధికరణలు 39(ఇ), 42, అధికరణ 21 కింద కార్మికుల ఆరోగ్యాన్ని చేర్చిన 1995 నాటి కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ (సీఈఆర్‌సీ) కేసు తీర్పు ఆధారాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో సురక్షిత పని వాతావరణాన్ని మౌలిక హక్కుల్లో చేర్చింది. జాతీయ భద్రతా దినం మార్చి 4, ప్రపంచ దినం ఏప్రిల్ 28.

సాధన ప్రశ్నలు

1. ‘మానవ తప్పిదం దర్యాప్తుకు ముగింపు కాదు, మొదలు.’ విశాఖ స్టైరీన్ ఘటన ఆధారంగా చర్చించండి. (ప్రత్యక్ష వైఫల్యాన్ని ఒక వాక్యంలో చెప్పి, దాగి ఉన్న లోపాలకు ఎక్కువ చోటివ్వండి.)

2. అపాయాన్ని తొలగించడం, తక్కువ అపాయం ఉన్నదాన్ని పెట్టడం, ఇంజినీరింగ్ ఏర్పాట్లు, నియమాలు, రక్షణ పరికరాలు అనే క్రమంలో ఒక జిన్నింగ్ మిల్లుకు భద్రతా ప్రణాళిక రాయండి. (హెల్మెట్, మాస్కుతో మొదలుపెట్టే జవాబు క్రమాన్ని తలకిందులు చేస్తుంది.)

3. ఇంటి దగ్గర సాగే చేనేత పనికి వృత్తి భద్రత ఎలా కల్పించవచ్చు? సహకార సంఘాల పాత్ర వివరించండి. (నూలు సరఫరా వేళలు, మజూరీ పద్ధతి, మగ్గం కొలతలు, జీతం లేని ఇంటి శ్రమను నాలుగు వేర్వేరు పేరాల్లో పెట్టండి.)